చిన్న సంఘమా, విడివిడి టాస్క్‌ఫోర్సులా?

రక్షణ విధానంపై సమీక్షా పత్రం రాయదలచిన కర్నూలు విద్యార్థులు, మాజీ సైనికులు మొదట తేల్చుకోవలసింది నలుగురూ కలిసి అంతా రాయడమా, అంశాలవారీగా పంచుకోవడమా అన్నది. దేశం రెండింటినీ చూసింది. 1999 జూలైలో రక్షణ వ్యవహారాల నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన నలుగురు సభ్యుల కార్గిల్ సమీక్షా సంఘం కొద్ది నెలల్లోనే నివేదిక సిద్ధం చేయగా, 2000లో ఏర్పడిన మంత్రుల బృందం నిఘా, అంతర్గత భద్రత, సరిహద్దులు, రక్షణ నిర్వహణలపై నాలుగు టాస్క్‌ఫోర్సులను వేసి 2001లో సిఫారసులు చేసింది.

ఖర్చు: చిన్న సంఘానికి తక్కువ.

శ్రమ: చిన్న సంఘంలో ప్రతి సభ్యుడూ ప్రతి పుటా చదవాలి, టాస్క్‌ఫోర్సులలో భారం తగ్గినా, నాలుగు ముసాయిదాలను ఒకే వాదనగా కూర్చే సమర్థుడైన సంపాదకుడు తప్పనిసరి. ఈ పనిని చాలామంది తక్కువగా అంచనా వేస్తారని నా అభిప్రాయం.

ముప్పు: చిన్న సంఘంలో నలుగురికీ తెలియని విషయం జారిపోతుంది, టాస్క్‌ఫోర్సులలో ఇద్దరి మధ్య పడిన విషయం జారిపోతుంది. ఉదాహరణకు, ఓర్వకల్లు దగ్గరి డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ) పరీక్షా క్షేత్రాన్ని ఆయుధ పరిశోధన కింద చూడాలా, స్థానిక ఉపాధి కింద చూడాలా?

ఒకే సంఘటనను తక్కువ వ్యవధిలో పరిశీలించాలంటే చిన్న సంఘం, మొత్తం వ్యవస్థలో మార్పులు సూచించాలంటే టాస్క్‌ఫోర్సులు తగినవి.