కాలవ గట్టు మీద రాత్రి ప్రయాణం: బండికి ఏ లైటు మేలు?

కోనసీమలోనైనా, భీమవరం వైపైనా వేళ కాని వేళ మోటారు సైకిలు తీసేవాళ్లలో చాలామంది చేపల, రొయ్యల చెరువుల మీద పని ఉన్నవాళ్లే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆగిందని ఫోనొస్తే మూడింటికైనా వెళ్లాల్సిందే. దారేమో ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలు, మధ్యలో రెండు బళ్లు కష్టంగా తప్పుకునే గట్టు. ఈ దారి కోసం లైటు మార్చాలంటే ఇప్పుడున్న హాలోజెన్‌నే, అంటే ఫిలమెంట్ బల్బు లైటునే, బాగుచేయించుకోవచ్చు, దాని చోట ఎల్‌ఈడీ బల్బు వేయించవచ్చు, లేదా విడిగా ఫాగ్ లైట్లు బిగించుకోవచ్చు.

అందరూ ముందు అడిగేది ఎల్‌ఈడీ బల్బునే. తెల్లగా ఉంటుంది, కరెంటు తక్కువ తింటుంది, ఎక్కువ కాలం వస్తుంది. అయినా హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో, అంటే బల్బు చుట్టూ మెరిసే గిన్నెలో, దాన్ని వేయొద్దనే నేను చెబుతాను. మన చిన్న బళ్లలో చాలావాటికి ఉండేది 35/35 వాట్ల హెచ్‌ఎస్1 బల్బు. అందులో డిప్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు కప్పు ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది సగం మీద వెలుగు పడకుండా అది అడ్డుకుంటుంది, అందుకే డిప్ వేస్తే వెలుగు రోడ్డు మీదికి దిగుతుంది. ఎల్‌ఈడీ చిప్పు సరిగ్గా ఆ ఫిలమెంట్ ఉన్న చోటే, అంతే సైజులో ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. చవక బల్బుల్లో కుదరదు. వెలుగు పైకి చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. హైవే మీదైతే అతను కాస్త పక్కకి జరుగుతాడు. గట్టు మీద జరగడానికి చోటేదీ? కాలవలో పడేది అతనే.

హాలోజెన్ మసగ్గా ఉందంటే తప్పు చాలాసార్లు బల్బుది కాదు, వైరింగుది. బల్బుకి చేరే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో కనెక్టర్లు, ఎర్తు పాయింట్లు తుప్పు పట్టడం మామూలే. వాటిని శుభ్రం చేయించి, రిలే (స్విచ్ మీద భారం పడకుండా లైటుకి కరెంటు కలిపే చిన్న పరికరం) పెట్టించి, ఫ్యూజు మీదుగా బ్యాటరీ నుంచే కరెంటు ఇప్పిస్తే అదే బల్బులో తేడా కనిపిస్తుంది. కొన్ని పాత బళ్లలో హెడ్‌లైటుకి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజను తిరిగితేనే వస్తుంది. వాటికి ఈ రిలే పద్ధతి నేరుగా పనికిరాదు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. 60/55 వాట్ల బల్బు మాత్రం వేయించకండి, ఆ వేడికి ప్లాస్టిక్ రిఫ్లెక్టర్, హోల్డరు పాడవుతాయి.

ధనుర్మాసం మంచులో ఇదొక్కటే చాలదు. అప్పర్ వేస్తే ఆ వెలుగంతా తిరిగి మన కళ్ల మీదికే వస్తుంది. అక్కడ ఫాగ్ లైట్లదే పైచేయి. పసుపు రంగువి, వెలుగు అడ్డంగా పరుచుకునేవి, ఆ వెలుగు పై అంచు గీత గీసినట్టు తెగి ఉండేవి తీసుకుని క్రాష్ గార్డుకి వీలైనంత కిందుగా బిగించాలి. అప్పుడు గట్టు అంచు కనబడుతుంది. హ్యాండిల్ మీద పెట్టే స్పాట్ లైట్లు దీనికి పనికిరావు. వంద సీసీ బండి ఛార్జింగ్ ఎక్కువ లోడు మోయలేదు కాబట్టి రెండు ఫాగ్ లైట్లూ కలిపి ఇరవై వాట్లు దాటకుండా చూసుకోండి. వేరే స్విచ్ తప్పనిసరి, మంచు లేనప్పుడు ఆపేయాలి.

నన్నడిగితే ముందు హాలోజెన్ వైరింగు, తర్వాత డబ్బుంటే పసుపు ఫాగ్ లైట్లు. ఎల్‌ఈడీయే కావాలంటే బల్బు కాదు, మీ మోడల్‌కి కంపెనీ ఇచ్చే పూర్తి ఎల్‌ఈడీ హెడ్‌లైటు ఉందేమో కనుక్కోండి.

ఏది వేయించినా ఎత్తు సరిచూడాలి. గోడకి పాతిక అడుగుల దూరంలో బండి నిలిపి, మీరు ఎక్కి కూర్చోండి. డిప్ వెలుగు పై అంచు హెడ్‌లైట్ ఎత్తుకి రెండంగుళాలు కింద ఉండాలి. వెనక మేత బస్తా వేసుకెళ్లే అలవాటుంటే అది కూడా వేసి చూడండి. బరువుకి వెనక భాగం దిగి, లైటు పైకి లేస్తుంది.