‘ఫ్రైడే ద థర్టీన్త్’ (1980): చవక సినిమాలో డబ్బు ఎక్కడ పెట్టారు?

మొదటి భాగం చూడబోయేవాళ్లకి ముందే ఒక మాట. ఈ సిరీస్ హంతకుడికి గుర్తుగా మారిన హాకీ మాస్క్ కోసం ఎదురుచూడకండి, అది వచ్చింది 1982 నాటి మూడో భాగంలో. 1980 మే నెలలో విడుదలైన ఈ 95 నిమిషాల సినిమాలో ఉన్నదల్లా ఒక సరస్సు, నాలుగు చెక్క గదులు, వాన, అప్పటికి పెద్దగా పేరు లేని కుర్ర నటులు, గాయాల మేకప్‌కి వాడే రబ్బరు తొడుగులు. ఖర్చు సుమారు 5.5 లక్షల డాలర్లు. అమెరికాలో వసూలు దాదాపు 4 కోట్ల డాలర్లు. గొప్ప సినిమా కాదు, కథగా చూస్తే నాసిరకమే. అయినా తక్కువ డబ్బుతో తీసిన టీనేజ్ స్లాషర్‌లో (ఒక హంతకుడు కుర్రకారుని ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయే సినిమాలో) జనానికి ఏం నచ్చుతుందో తెలియాలంటే దీన్నే మొదట చూడమంటాం. ఎక్కడ ఖర్చు పెట్టారో, ఎక్కడ మిగిల్చారో తెర మీదే తెలిసిపోతుంది. సరదా సగం అందులోనే ఉంది.

దీని పుట్టుకే వ్యాపారం. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన హారర్ సినిమా ‘హాలోవీన్’ డబ్బులు కురిపించడం చూసి దర్శక నిర్మాత షాన్ కనింగ్‌హామ్ రంగంలోకి దిగాడు. 1979లో ‘వెరైటీ’ పత్రికలో పేజీ నిండా ప్రకటన ఇచ్చేనాటికి అతని దగ్గర ఉన్నది పేరు, అద్దం పగలగొట్టుకుని దూసుకొచ్చే అక్షరాలు మాత్రమే. స్క్రిప్టు తర్వాత వచ్చింది. రచయిత విక్టర్ మిల్లర్ కూడా హాలోవీన్‌నే నమూనాగా పెట్టుకున్న సంగతి దాచలేదు. ఆ నమూనా ఇంతే: ఎప్పుడో జరిగిన ఒక పాపం, పెద్దవాళ్లు తోడు లేని చోటు, ఒక్కొక్కరే తగ్గిపోయే కుర్రకారు, చివరికి మిగిలే అమ్మాయి.

కథ జరిగేది వేసవి క్యాంపులో కాబట్టి షూటింగుకి న్యూజెర్సీలోని హార్డ్‌విక్‌లో ఉన్న బాయ్ స్కౌట్ల క్యాంపు తీసుకున్నారు. 1979 సెప్టెంబర్‌కి వేసవి సీజను అయిపోయి అది ఖాళీగా ఉంది. గదులు, పడవలు, రేవు అన్నీ సిద్ధం, సెట్ వేసే పనే లేదు. ఇక్కడ మెచ్చుకోవలసింది, ప్రతి లేమికీ కథలో ఒక కారణం దొరకడం. జనరేటర్ ఆగిపోయింది కాబట్టి చీకటి. ఫోన్ తీగ తెగింది కాబట్టి పోలీసులు రారు. వాన హోరులో అరుపు పక్క గదికి వినబడదు, పది గజాల అవతల ఎవరున్నారో కనబడదు. హంతకుడి ముఖం దాచడానికి కెమెరానే అతని కళ్లుగా మార్చి చేత్తో పట్టుకుని నడిచారు. అదీ చవకే, అదీ పనిచేసింది.

మిగిల్చిన డబ్బుకి ఫలితం టామ్ సవీని పనిలో కనిపిస్తుంది. ‘డాన్ ఆఫ్ ద డెడ్’ (1978) చేసి వచ్చిన మేకప్ కళాకారుడు. అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని కెవిన్ బేకన్ మంచం మీద పడుకుని ఉండగా గొంతులోంచి బాణం మొన పైకి లేచే షాట్ ఈ సినిమా మొత్తానికి తలమానికం. నటుడు నిజానికి పడుకోలేదు. మంచం కింద మోకాళ్ల మీద కూర్చుని, పరుపుకి చేసిన రంధ్రంలోంచి తల మాత్రం పైకి పెట్టి వెనక్కి వాల్చాడు. మెడ, భుజాలు, ఛాతీ అన్నీ రబ్బరువి. కింద ఒకరు బాణాన్ని పైకి తోస్తే ఇంకొకరు రక్తం పంపు నొక్కాలి. సరిగ్గా టేక్ మధ్యలో పంపు నుంచి గొట్టం ఊడిపోయింది. సవీని సహాయకుడు టాసో స్టావ్రాకిస్ ఆ గొట్టాన్ని నోట్లో పెట్టుకుని ఊదేశాడు. పంపు ఉంటే ఒకే ఒత్తిడితో సమంగా కారేది, ఊదడంతో బుడగలతో, ఆగి ఆగి చిమ్మింది. అలా చిమ్మడమే నిజంలా అనిపిస్తుంది. ఎడిటింగ్‌లో ఎక్కడ మార్చారా అని వెతికే కంటికి అతుకు దొరకదు. చూసిన ప్రతిసారీ మంచం కింద ఎంతమంది ఇరుక్కుని ఉన్నారో ఊహించుకోవడం వేరే ఆనందం.

రీటేకులు ఇలాంటి సినిమాలకి ఎందుకు గండమో కూడా చెప్పాలి. తెర మీది రక్తం సాధారణంగా మొక్కజొన్న పాకంలో తినే రంగులు కలిపి చేస్తారు. ఉత్త ఎరుపు కలిపితే లైట్ల కింద రోజ్ మిల్క్‌లా కనిపిస్తుంది, అందుకే పసుపో మరో ముదురు రంగో కాస్త కలిపి చిక్కదనం తెస్తారు. బట్టకి అంటితే వదలదు కాబట్టి ఒక్కో పాత్రకి ఒకేలాంటి చొక్కాలు రెండు మూడు ఉంచుకోవాలి, బడ్జెట్ లేకపోతే ఉన్నది ఒకటే టేక్. మెడ మీద అతికించే రబ్బరు చర్మం అంచులు పలుచగా రాకపోయినా, లైటు పక్కనుంచి పడినా గీత బయటపడుతుంది. 1980 నాటి థియేటర్ ప్రింటులో ఆ గీతలు కలిసిపోయేవి. 4కెలో చూస్తే కొన్ని చోట్ల పట్టేయవచ్చు. మాకైతే అది లోపంగా అనిపించదు.

సంగీతం ఇంకా తెలివైన పొదుపు. హంతకుడు నిజంగా దగ్గర్లో ఉంటే తప్ప సంగీతం వాడకూడదని సంగీత దర్శకుడు హ్యారీ మాన్‌ఫ్రెడీనీ ఒక నియమం పెట్టుకున్నాడు. ఉత్తుత్తి బెదిరింపుల దగ్గర నిశ్శబ్దమే. మొదటిసారి చూసేవాళ్లకి ఇది తెలియకుండానే చెవికి అలవాటై, తీగవాద్యం మొదలవగానే గుండె జారుతుంది. ఆ ప్రసిద్ధమైన ‘కి కి కి, మ మ మ’ అతని గొంతే. కథలోని ఒక మాట నుంచి రెండు అక్షరాలు తీసి మైకులో పలికి, ఎకోప్లెక్స్ అనే ప్రతిధ్వని యంత్రంలోంచి పంపాడు. అది ఏ మాటో చెబితే హంతకుడెవరో చెప్పినట్టే.

హాలోవీన్‌తో పోల్చక తప్పదు. అది ఇంకా చవక, 3 లక్షల డాలర్ల పైచిలుకు. కార్పెంటర్ ఆ డబ్బుని రక్తం మీద పెట్టలేదు. పానావిజన్ వెడల్పు ఫ్రేము మీద, మనిషి ఒంటికి కట్టుకుని నడిచే పానాగ్లైడ్ కెమెరా మీద పెట్టాడు. హంతకుడి ముసుగు రెండు డాలర్ల లోపు దొరికిన కెప్టెన్ కర్క్ (‘స్టార్ ట్రెక్’ సీరియల్ హీరో) మాస్క్, తెల్ల రంగు వేసి కంటి రంధ్రాలు పెద్దవి చేశారు. కథ అక్టోబర్‌లో ఇల్లినాయిలో, షూటింగ్ వసంతంలో కాలిఫోర్నియాలో. రంగు వేసిన ఆకులు చల్లి, షాట్ అవగానే ఏరుకుని మళ్లీ వాడారు. సినిమాగా అదే మెరుగు, అందులో సందేహం లేదు. కానీ హాలోవీన్‌ని ఒంటరిగా, నోరు మూసుకుని చూడాలి. ఫ్రైడే నలుగురితో కూర్చుని ‘అటు వెళ్లకే తల్లీ’ అని అరుస్తూ చూసే సినిమా. పాత్రలకి పెద్ద వ్యక్తిత్వాలు లేకపోవడం ఇక్కడ కలిసొస్తుంది. ఎవరు ముందు పోతారని పందెం వేసుకోవడానికి మనసు అడ్డురాదు.

లోపాలు తక్కువేం కాదు. మధ్యలో దాదాపు అరగంట సాగదీత, మోటార్ సైకిల్ మీద వచ్చే పోలీసు హాస్యం అనవసరం. హంతకుడెవరన్న ఆట న్యాయంగా ఆడలేదు. ఊహించడానికి కావలసిన మనిషిని చివరి భాగం వరకూ చూపించరు. పైగా తెర మీద కనిపించే హంతకుడి చేతులు కొన్ని షాట్లలో స్టావ్రాకిస్‌వి, వాటిని బట్టి ఆరా తీస్తే మోసపోతారు. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం: గదిలో దూరిన పామును చంపే దృశ్యంలో పాము నిజమైనది, చావూ నిజమైనదే. అది ట్రిక్కు కాదు, దాన్ని సమర్థించలేం. జంతుహింస చూడలేనివాళ్లు కుర్రాళ్లు గదిలో పామును వెతకడం మొదలవగానే ఆ సీను దాటించేయండి. నగ్నత్వం, హింస ఉన్నాయి కాబట్టి పిల్లలతో కూర్చుని చూసేది కాదు.

కత్తెర పడని వెర్షన్‌కీ థియేటర్ వెర్షన్‌కీ తేడా కొన్ని సెకన్లే. ఎక్కువ డబ్బు పెట్టి వెతుక్కోవలసినంత లేదు గానీ, రెండూ దొరికితే కత్తెర పడనిదే తీసుకోండి. అంతకన్నా ముఖ్యం టీవీ సెట్టింగులు. కదలికని నున్నగా చేసే సెట్టింగు, అంటే సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ (పాత టీవీల్లో ఆటో మోషన్ ప్లస్) ఆపేయండి, లేకపోతే సాయంత్రం సీరియల్‌లా నున్నగా కనిపిస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. రెండో సగమంతా రాత్రే కాబట్టి గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే తెర మీద మీ ముఖమే కనిపిస్తుంది. నెట్ నెమ్మదిగా ఉంటే నల్లటి భాగాలు గళ్లు గళ్లుగా విడిపోతాయి, వీలైతే డౌన్‌లోడ్ చేసుకుని చూడండి. అసలు శబ్దం మోనో, ఖరీదైన సరౌండ్ స్పీకర్లు లేవని బాధ అక్కర్లేదు. కథ ముగిసింది, సరస్సు ప్రశాంతంగా ఉంది అనిపించినప్పుడు రిమోట్ ముట్టుకోకండి.

నచ్చితే తర్వాత ‘ద బర్నింగ్’ (1981). సవీని ఫ్రైడే రెండో భాగం వదులుకుని చేసింది అదే, తెప్ప మీది దృశ్యం కోసమైనా చూడాలి. కెనడాలో బొగ్గు గని నేపథ్యంతో తీసిన ‘మై బ్లడీ వాలెంటైన్’ (1981) విడుదలప్పుడు సెన్సార్ చేతిలో బాగా నలిగింది, తీసేసిన దృశ్యాలు తిరిగి చేర్చిన 2009 డిస్కే చూడండి.

న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్లకి ఇంకో వెసులుబాటు. ఎడిసన్ నుంచి కారులో గంటకు పైగా వెళ్తే బ్లెయిర్స్‌టౌన్ వస్తుంది. సినిమా మొదట్లో అమ్మాయి సంచి తగిలించుకుని నడిచే వీధి, రాయ్స్ హాల్ అనే పాత థియేటర్ అక్కడే ఉన్నాయి. హార్డ్‌విక్‌లోని క్యాంపు మాత్రం స్కౌట్లదే. ప్రత్యేకంగా టూర్లు పెట్టిన రోజుల్లో టికెట్ కొనుక్కుంటే తప్ప లోపలికి రానివ్వరు, కాబట్టి తేదీలు చూసుకుని బయల్దేరండి.