జబ్బు పెట్టకు కుక్కల బోను: మడత పెట్టే వైరు బోను ఎంతవరకు పనికొస్తుంది?

కుక్కపిల్లల కోసం అమ్మే 36 అంగుళాల మడత వైరు బోను ఒంట్లో బాగాలేని పెంపుడు పెట్టను విడిగా ఉంచడానికి బాగా పనికొస్తుంది. అయితే అట్టపెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడితే మాత్రం కాదు.

కోడి తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. ఈకలు ఉబ్బించి, తోక వాల్చి, పట్టపగలు ఓ మూల కళ్లు మూసుకుని నిలబడిందంటే అప్పటికే ముదిరిందని లెక్క. తోటి కోళ్ల మధ్య ఉండగా అది ఎంత తింటోందో, ఏ రెట్ట దానిదో తేలదు. బోను అసలు ప్రయోజనం అక్కడే. ట్రేలో చెక్క పొట్టు పోయకండి, రెట్టలోని తడిని పీల్చేసి రంగు తెలియనివ్వదు. తెల్ల కాగితం పరవండి. 150 గ్రాముల దాణా తూచి పెట్టి, మర్నాడు అదే వేళకు మిగిలింది తూచండి. మామూలు సైజు గుడ్ల కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాములు తిని, సుమారు దానికి రెట్టింపు నీళ్లు తాగుతుంది.

తెల్ల కొనతో గట్టిగా పడే రెట్ట మంచిదే. ఎనిమిది పదింటికి ఒకటి బంకగా, గోధుమరంగులో, ముక్కు మూసుకునేంత కంపు కొడితే కంగారొద్దు, అదీ మామూలే. నెత్తురు కనిపిస్తే మాత్రం కాక్సిడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవుల జబ్బు) కావచ్చు, నమూనా తీసి పశువైద్యుడికి చూపించాలి.

రాత్రి దాణా తీసేసి, పొద్దున్నే మెడ మొదట్లో, రొమ్ముకు కుడివైపున ఉండే మేత సంచిని తడిమి చూడండి. ఖాళీగా ఉండాలి. గట్టిగా తగిలితే గడ్డీ గాదం అడ్డుపడినట్టు. మెత్తగా నీళ్లు కదిలినట్టుండి, నోట్లోంచి పులిసిన వాసన వస్తే మేత లోపలే పులుస్తున్నట్టు. తలకిందులు చేసి కక్కించే చిట్కా జోలికి పోవద్దు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగితే కోడి చేతుల్లోనే పోతుంది.

ఇక బోను లోపాలు. ట్రే మరీ నున్నగా ఉంటుంది, కాళ్లలో పట్టులేని పెట్ట జారి పడుతుంది. దానికి కాగితం బదులు రబ్బరు మ్యాట్ పరిచి, పైన పలచటి నూలు గుడ్డ వేయాలి. టర్కీ తువ్వాలు పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. ఊచల మధ్య సందు అంగుళానికి పైనే, ఎలుక సులువుగా దూరుతుంది. కాబట్టి అర అంగుళం వెల్డ్ మెష్‌ను చుట్టూ, పైనా ప్లాస్టిక్ టైలతో బిగించాలి. పైకప్పు తెరుచుకోదు. ముందు తలుపులోంచి చెయ్యిపెట్టి పట్టుకోబోతే నీరసంగా ఉన్న కోడి ఇంకా బెదురుతుంది, అందుకే పక్క తలుపు కూడా ఉన్నదే కొనండి. నాలుగు వైపులా గాలి కొడుతుంది గనక మూడు వైపులు గుడ్డ కప్పాలి. వేడి ఒక చివరే పెట్టండి, ఆ చివర 27 నుంచి 29 డిగ్రీలు చాలు. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెట్టిందంటే వేడి ఎక్కువైంది. టెఫ్లాన్ పూత ఉన్న హీట్ బల్బు మాత్రం పెట్టకండి, దాని పొగ పక్షులను చంపుతుంది.

బోనుతో తీరనివీ ఉన్నాయి. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాచి పడిపోతే మారెక్స్ అనే వైరస్ వ్యాధిని అనుమానించాలి. మెడ మెలి తిరిగితే విటమిన్ లోపమో, తలకు దెబ్బో, కొక్కెర తెగులో (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) చూడగానే చెప్పలేం. మెడ మెలికతో పాటు పచ్చ విరేచనం, ఎగశ్వాస ఉన్నా, తోటి కోళ్లు హఠాత్తుగా చస్తున్నా వట్టి చేతులతో ముట్టుకోకుండా అదే రోజు పశువైద్యుడికి చెప్పండి. నిటారుగా నిలబడి తోకను పదే పదే కిందికి ఆడిస్తూ ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడి ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్లలో పొట్ట మునిగేలా 15 నుంచి 20 నిమిషాలు కూర్చోబెట్టి, ఒళ్లు ఆరబెట్టి, చీకటిగా ఉన్న బోనులో వదలండి. కొన్ని గంటల్లో గుడ్డు రాకపోతే వైద్యుడి దగ్గరికే. లోపల గుడ్డు పగిలేలా నొక్కొద్దు.

గూట్లోంచి కదలక, దగ్గరికెళితే ఉబ్బి పొడవబోయే పెట్టకు జబ్బేమీ లేదు, పొదుగుకొచ్చింది. బోను నూటికి నూరుపాళ్లు పనికొచ్చేది దీనికే! ట్రే తీసేసి, అడుగున కూడా మెష్ బిగించి, పెట్టను దాని మీదే ఉంచి, కింద ఇటుకలు పెట్టి లేపండి. పొట్టకు గాలి తగిలి, మూడు నాలుగు రోజుల్లో సాధారణంగా పొదుగు మానేస్తుంది. దాణా, నీళ్లు మాత్రం మానకూడదు.

కోలుకున్నాక నేరుగా వదిలితే తోటి కోళ్లు కొత్తదన్నట్టు పొడుస్తాయి. ఒకటి రెండు రోజులు బోనుతో సహా వాటి మధ్య ఉంచి, పొద్దుగూకే వేళ గూట్లోకి చేర్చండి. తర్వాత బోను సబ్బుతో కడిగాకే బ్లీచింగ్ నీళ్లు పోయాలి, మురికి మీద బ్లీచింగ్ పనిచేయదు. పావుగంటకు మంచినీళ్లతో కడిగేయండి. నల్లపూత లేచిన అతుకుల దగ్గర తుప్పు తొందరగా పడుతుంది, తడి పూర్తిగా ఆరాకే మడవండి.