బాలల గృహానికి నెలవారీ కానుక: ఒక దాత సమీక్ష

గుంటూరు ప్రాంతంలో ఒక క్రైస్తవ సంస్థ నడిపే బాలల గృహానికి కొంతకాలంగా నెలనెలా కానుక పంపుతున్నాను. అటువంటి గృహాలకు అండగా నిలవాలనుకునే విశ్వాసులకు, ఇతర దాతలకు ఉపయోగపడవచ్చునని ఈ సమీక్ష రాస్తున్నాను.

2015 నాటి బాల న్యాయ చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం ఇటువంటి ప్రతి సంస్థా, ప్రభుత్వ సాయం తీసుకున్నా తీసుకోకపోయినా, నమోదు కావాలి. సంరక్షణ అవసరమైన పిల్లల విషయం తేల్చే జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీదనే పిల్లలు చేరాలి. ఇక్కడ అడిగిన వెంటనే గడువు తేదీతో సహా రిజిస్ట్రేషన్ పత్రం చూపించారు. దేవుని పనికి కాగితాలెందుకని మరోచోట విసుక్కున్నవారిని చూశాను గనుక ఇది నాకు చిన్న విషయంగా తోచలేదు. విరాళాలకు ఆదాయపు పన్నులో ఇచ్చే 80జి మినహాయింపుకు అవసరమైన పత్రం కూడా సకాలంలో అందింది. అయితే రూ.2,000 మించిన నగదు కానుకకు ఆ మినహాయింపు వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే లేదు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మా బంధువు ఒకరు కానుక ఇస్తామంటే, తమకు విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ లేదని మర్యాదగా వద్దన్నారు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. విదేశీ దాతల డబ్బుతో పేద పిల్లలకు సాయం చేసే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ 2017లో మన దేశంలో కార్యక్రమాలు ఆపివేసిన తరువాత స్థానిక దాతల అవసరం ఎంతటిదో చెప్పనక్కరలేదు. అయినా వచ్చే డబ్బును కాదన్న ఆ నిజాయితీ నాకు నచ్చింది.

దాతలకు పిల్లల ఫోటోలు పంపరు, పేర్లు చెప్పరు. కొందరు దీనికి నొచ్చుకుంటారు గాని, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును బయటపెట్టరాదని అదే చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. చట్టం మాట అటుంచినా, కానుక ఇచ్చినవారి ముందు బిడ్డను నిలబెట్టి సాక్ష్యం చెప్పించడం ఆ బిడ్డ మీద బరువు మోపడమే.

నా అసంతృప్తి వేరే చోట ఉంది. ఇటువంటి గృహాల్లో ఉండే పిల్లలు చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. వారిని అక్కడికి చేర్చేది పేదరికమే. వీరు పంపే వార్షిక లేఖలో భోజనాలు, ఫీజులు, క్రిస్మస్ బట్టలు అన్నీ ఉంటాయి గాని, ఆ ఏడాది ఎందరు తిరిగి ఇల్లు చేరారన్నది ఉండదు. పిల్లలు కుటుంబంలోనే పెరిగేందుకు కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 సాయం ఉంది. ఒంటరి తల్లులతో దానికి దరఖాస్తు చేయిస్తారా అని అడిగితే, ‘వచ్చి అడిగితే రాసిపెడతాం’ అన్నారు. అడగడం తెలియని తల్లుల దగ్గరకు వీరే వెళ్లాలి కదా!

కానుక కొనసాగిస్తున్నాను. అందులో సగం, ఇంటికి తిరిగి వెళ్లిన పిల్లల చదువుకు కేటాయించగలరా అని లేఖ రాశాను. తమ నిర్వాహక కమిటీ ముందు పెడతామన్నారు, నిర్ణయం రావలసి ఉంది.