రాజమహేంద్రవరం నుంచి తొలి క్రాస్ కంట్రీలు: కొత్త ప్రైవేట్ పైలట్‌కు ఏ గమ్యం తగినది?

ప్రైవేట్ పైలట్ లైసెన్సు చేతికి వచ్చాక, పక్క సీట్లో శిక్షకుడు లేకుండా చేసే తొలి క్రాస్ కంట్రీ (సొంత విమానాశ్రయానికి దూరంగా వెళ్ళే) ప్రయాణాలకు గోదావరి జిల్లాల వారికి ఏ గమ్యం మంచిదని అడిగితే నా సమాధానం ఇది: ముందు ఎక్కడా దిగకుండా డెల్టాను ఒకసారి చుట్టి రావాలి, తర్వాత గన్నవరం (విజయవాడ విమానాశ్రయం) వెళ్ళాలి, అక్కడికి రాకపోకలు బాగా అలవాటైన తర్వాతే విశాఖపట్నం గురించి ఆలోచించాలి. మధురపూడిలోని రాజమహేంద్రవరం విమానాశ్రయం నుంచి అద్దె సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానంలో ఈ మూడు దారుల్లోనూ ప్రయాణించి, వాటిని కొత్త పైలట్‌కు అందే సేవలుగా భావించి ఈ సమీక్ష రాస్తున్నాను. గమ్యం ఎంత పేరున్నదన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు. దారిలో కిటికీ నుంచి ఏమి కనిపిస్తుంది, ఇంజిను ఆగితే ఎక్కడ దిగవచ్చు, వాతావరణం చెడితే ఎక్కడి నుంచి వెనక్కి తిరగవచ్చు అన్న మూడు విషయాలతోనే తూచాను.

బయలుదేరే చోటు గురించి ముందుగా చెప్పాలి. మధురపూడి రన్‌వే 05/23 (ఈ అంకెలు రన్‌వే దిక్కులు, సుమారు 50, 230 డిగ్రీలు) విస్తరణ తర్వాత 3,165 మీటర్ల పొడవుకు చేరింది. తేలికపాటి శిక్షణ విమానానికి అందులో మూడో వంతు కూడా అవసరం లేదు. క్షేత్రం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 150 అడుగులే అయినా, మే నెలలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు ఉన్నప్పుడు సాంద్రతా ఎత్తు (గాలి పలచబడడం వల్ల విమానం ఉన్నట్టు ప్రవర్తించే ఎత్తు) 3,000 అడుగులు దాటుతుంది. అంటే విమానం కొండ మీది క్షేత్రం నుంచి లేస్తున్నట్టే నిదానంగా పైకి వెళుతుంది. అందువల్ల రోహిణి కార్తెలో ఉదయం ఎనిమిదిలోపు బయలుదేరలేకపోతే ప్రయాణం మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

డెల్టా ప్రదక్షిణను మొదట చేయమనడానికి కారణం ఉంది. మధురపూడి నుంచి ధవళేశ్వరం మీదుగా వశిష్ఠ వెంట అంతర్వేది దాకా, అక్కడి నుంచి తీరానికి లోపలి వైపుగా యానాం దాకా, యానాం నుంచి గౌతమి వెంట తిరిగి ఇంటికి వస్తే మొత్తం సుమారు 115 నాటికల్ మైళ్ళు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు) అవుతుంది. గంటకు కాస్త ఎక్కువ సమయం పడుతుంది. కొత్త విమానాశ్రయంలో దిగే ఒత్తిడి లేదు కాబట్టి దృష్టి అంతా మ్యాపు మీదా, గడియారం మీదా, గాలి మీదా పెట్టవచ్చు. ఇంతకన్నా స్పష్టమైన గుర్తులున్న నేల మన రాష్ట్రంలో మరొకటి లేదనే అనుకుంటున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట నది నాలుగు పాయలకు అడ్డంగా గీసిన గీతలా కనిపిస్తుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ అది. దానికి ఎగువన రాజమహేంద్రవరం, కొవ్వూరు నడుమ వంతెనలు వరుసగా కనిపిస్తాయి. 1900 నాటి హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన ఆకారాల్లోనే వేరువేరు కాబట్టి ఒకదాన్ని మరొకటిగా పొరబడే అవకాశం లేదు.

అయితే ఈ నేల కొన్ని గుర్తులతో మోసం కూడా చేస్తుంది. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఒకే కొలతతో కోసినట్టు మైళ్ళ కొద్దీ పరుచుకుని ఉంటాయి. ఎండ ఏటవాలుగా పడే వేళల్లో అవన్నీ ఒకేసారి మెరుస్తాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ గుర్తుగా పెట్టుకోకూడదు. కాలువలు మంచి గుర్తులే కానీ వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీటి మెరుపు లేక మట్టిరంగులో కలిసిపోతాయి. పొలాల రంగు కూడా కాలాన్ని బట్టి మారిపోతుంది. సార్వా ఊడ్పుల నాటి నీళ్ళ మడులు, కోతల తర్వాతి పసుపు, దాళ్వా నాటి పచ్చదనం వేరువేరు చిత్రాలు. ఒక కాలంలో తీసిన ఉపగ్రహ చిత్రాన్ని చూసి మరో కాలంలో ఎగిరితే అయోమయం తప్పదు. నదీ పాయలూ, రైలు మార్గాలూ, వంతెనలూ మాత్రం ఏడాది పొడవునా మాట తప్పవు.

కోనసీమ మీద ఎత్తు విషయంలో పిసినారితనం పనికిరాదు. పైనుంచి చూస్తే ఎంతో అందమైన ఆ కొబ్బరితోటలు బలవంతపు దిగుడుకు ఏమాత్రం అనువైనవి కావు. తోట లేని చోట చెరువో, కాలువో, ఇళ్ళో ఉంటాయి. సెస్నా 172 ఇంజిను ఆగితే ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్ళు జారగలదు. 4,000 అడుగుల పైన ఉంటే నదిలోని లంకలో, ఇసుక తిన్నెల్లో, కోసిన వరిచేలో ఏదో ఒకటి అందుబాటులో ఉంటుంది. 1,500 అడుగుల్లో ఉంటే ఆ భరోసా లేదు. మా బావగారు తన ఊరి ఇల్లు దగ్గరగా చూపించమని ఎంతో ఆశగా అడిగినా, రాజోలు మీద అంత తక్కువ ఎత్తుకు దిగడానికి నేను ఒప్పుకోలేదు. సముద్రంలోని చమురు, సహజవాయువు వేదికలకు హెలికాప్టర్లు తిరిగే ప్రాంతం కావడం కూడా తక్కువ ఎత్తులో ఎగరకపోవడానికి మరో కారణం.

ఇక గన్నవరం. మధురపూడి నుంచి సరళరేఖలో 68 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 126 కిలోమీటర్లు. దిశ దాదాపు 239 డిగ్రీలు. ఈ ప్రాంతంలో అయస్కాంత దిక్చ్యుతి (దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా) చాలా స్వల్పం కాబట్టి లెక్క తేలిక. రన్‌వే 23 నుంచి లేస్తే దాదాపుగా మనం వెళ్ళవలసిన దిక్కుకే లేస్తాము. సరళరేఖలో పోతే మొదటి సగం కొవ్వూరుకు ఉత్తరంగా మెట్ట మీదుగా సాగుతుంది. అక్కడ కొత్తవారికి పట్టుకోవడానికి గట్టి గుర్తులు తక్కువ. దానికి బదులు నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరుల మీదుగా రైలు మార్గాన్ని ఎడమ కిటికీలో పెట్టుకుని వెళితే దూరం మూడు నాటికల్ మైళ్ళే పెరుగుతుంది. రెండు నిమిషాల ఖర్చుతో దారి తప్పే భయం పోతుందంటే అది చాలా చవక బేరం. నిడదవోలు జంక్షన్‌లో భీమవరం, నరసాపురం వైపు చీలే రైలు మార్గం మొదటి నమ్మకమైన గుర్తు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి పాత రన్‌వే ఆనవాళ్ళు రెండోది. ఆ రన్‌వే దిగడానికి కాదు, చూసి గడియారంలో సమయం రాసుకోవడానికి మాత్రమే. భీమడోలు, ఏలూరు, హనుమాన్ జంక్షన్ మూడూ సరళరేఖ మీదే దాదాపుగా ఉన్నాయి కాబట్టి రెండో సగంలో జాతీయ రహదారి 16 మనల్ని చెయ్యి పట్టుకుని నడిపించినట్టే విమానాశ్రయం ప్రక్కకు చేరుస్తుంది.

ఈ దారి బోధించే పాఠాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది గాలి పాఠం. శీతాకాలంలో ఈశాన్య గాలి వెళ్ళేటప్పుడు వెనుక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురవుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఇది తారుమారవుతుంది. 100 నాట్ల (గంటకు 100 నాటికల్ మైళ్ళ) వేగంతో పోయే విమానానికి 15 నాట్ల గాలి వెనుక ఉంటే గన్నవరం 36 నిమిషాల్లో వస్తుంది, అదే ఎదురైతే 48 నిమిషాలు పడుతుంది. పాఠ్యపుస్తకంలో చేసిన లెక్కను ఒకే రోజు రెండు దిక్కుల్లోనూ గడియారంతో సరిచూసుకునే అవకాశం ఇంత తక్కువ దూరంలో దొరకడం అరుదు. విజువల్ ఫ్లైట్‌కు (బయటికి చూస్తూ ఎగరడానికి) ఎత్తుల నియమం కూడా ఇక్కడ చక్కగా అర్థమవుతుంది. పడమటి దిక్కుగా వెళ్ళేటప్పుడు 4,500 అడుగులు, తూర్పు దిక్కుగా తిరిగి వచ్చేటప్పుడు 5,500 అడుగులు.

శీతాకాలంలో రెండు జాగ్రత్తలు అవసరం. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున డెల్టా మీద పొగమంచు పరుచుకుంటుంది. విజువల్ ఫ్లైట్‌కు కనీసం 5 కిలోమీటర్ల దృశ్యత కావాలి కాబట్టి ఎండ ఎక్కేదాకా ఆగవలసిందే. ఎండ ఎక్కాక ఏలూరుకు దక్షిణాన కొల్లేరు మీది పక్షులు వేడిగాలితో పాటు పైకి లేస్తాయి. ఆటపాక వైపు గూళ్ళు కట్టే గూడబాతులు పెద్ద శరీరం గల పక్షులు. వాటిలో ఒక్కటి తగిలినా అద్దం నిలవదు. కొల్లేరును చూడాలన్న కోరిక ఎంత ఉన్నా రైలు మార్గానికి ఉత్తరంగానే ఉండమని నా సలహా.

గన్నవరం రన్‌వే 08/26 పొడవు 3,360 మీటర్లు. చిన్న శిక్షణ క్షేత్రంలో ఇరుకైన రన్‌వేకు అలవాటుపడిన కంటికి ఇంత వెడల్పైన రన్‌వే ఎదురైతే, మనం ఉన్న ఎత్తు కన్నా కిందికి వచ్చేశామన్న భ్రమ కలుగుతుంది. ఫలితంగా చాలా ఎత్తులోనే ముక్కు పైకి ఎత్తి విమానాన్ని నిలబెట్టేస్తాము. చూపును రన్‌వే చివరకు మళ్ళించడం, వేగాన్ని చేతిపుస్తకంలో చెప్పినట్టే పట్టుకోవడం తప్ప దీనికి మరో విరుగుడు లేదు. ఇక్కడ ఎయిర్‌బస్ విమానాలు దిగుతాయి కాబట్టి వాటి వెనుక లేచే సుడిగాలులు తగలకుండా ఎడం పాటించాలి. మధ్యస్థ తరగతి విమానం దిగిన తర్వాత తేలిక విమానానికి మూడు నిమిషాల ఎడం అంతర్జాతీయ నియమం. కంట్రోలరు గుర్తుచేసినా, చేయకపోయినా మనం అడిగి తీసుకోవచ్చు. నాకు ఎదురైన కంట్రోలర్లు ఓపికగా మాట్లాడారు. 'కొత్త పైలట్‌ను, ఈ విమానాశ్రయానికి కొత్త' అని మొదటి పిలుపులోనే చెప్పడం వల్ల సూచనలు నిదానంగా, విడివిడిగా వచ్చాయి. ఈ సేవకు నేను మనస్ఫూర్తిగా మంచి మార్కులు వేస్తాను.

నేల మీది ఏర్పాట్ల విషయంలో మాత్రం ముందే సిద్ధపడి వెళ్ళాలి. మన దేశంలో ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేసి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నంబరు రెండూ రాసుకున్నాకే బయలుదేరాలి. తిరుగు ప్రయాణానికి వాటిని మళ్ళీ తీసుకోవాలి. వెళ్ళిరావడానికి ఎగిరే సమయం గంటన్నరే అయినా కాగితాల పనికీ, భద్రతా తనిఖీకీ, పార్కింగు అనుమతికీ ఒక పూట కేటాయించుకోవడం మేలు. ఇంకో సంగతి, పిస్టన్ ఇంజిన్లకు కావలసిన ఏవ్‌గ్యాస్ ప్రయాణికుల విమానాలు తిరిగే ప్రతి విమానాశ్రయంలోనూ దొరకదు. అక్కడ ఉండేది చాలావరకు జెట్ ఇంధనమే. సెస్నా 172ఎస్ ట్యాంకుల్లో వాడుకోదగిన ఇంధనం దాదాపు 200 లీటర్లు. గంటకు 35 లీటర్ల లెక్కన గన్నవరం రానుపోను 60 లీటర్లకు మించదు కాబట్టి అక్కడ ఇంధనం కోసం ఎదురుచూడవలసిన పని లేదు. కానీ ట్యాంకులు నిండుగా ఉంటే నలుగురు పెద్దవాళ్ళను ఎక్కించే బరువు సాధారణంగా మిగలదు. తొలి ప్రయాణాలకు ఒక్క ప్రయాణికుడు చాలు, అసలు లేకపోయినా మంచిదే.

విశాఖపట్నం దూరం 88 నాటికల్ మైళ్ళు, దిశ సుమారు 65 డిగ్రీలు. దూరంలో తేడా ఇరవై మైళ్ళే కానీ కష్టంలో తేడా చాలా ఎక్కువ. అన్నవరం దాటాక తూర్పు కనుమల కొండలు తీరానికి దగ్గరగా జరుగుతాయి. ఎడమ కొండలు, కుడి సముద్రం, నడుమ రైలూ రహదారీ పోయే సన్నని పట్టీ. మేఘాలు దిగివచ్చిన రోజున ఆ పట్టీలో వెనక్కి తిరగడానికి చోటు తగ్గిపోతుంది. గమ్యం కూడా కొండల నడుమ ఉన్న నౌకాదళ క్షేత్రం, ఐఎన్ఎస్ డేగా. సైనిక అనుమతులు, సమయాల ఆంక్షలు ముందే తెలుసుకోకుండా అటు బయలుదేరకూడదు. భోగాపురం కొత్త విమానాశ్రయం వల్ల ఇక్కడి ఏర్పాట్లు మారతాయి కాబట్టి పాత అనుభవం మీద ఆధారపడక ప్రతిసారీ తాజా నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే ప్రకటనలు) చదవాలి. తుని దగ్గరే తేల్చుకోవాలన్నది నేను పెట్టుకున్న నియమం. అక్కడ ముందున్న కొండల అంచులు స్పష్టంగా కనిపించకపోతే మారు మాట లేకుండా వెనక్కి తిరగాలి. ఆ నిర్ణయాన్ని ధైర్యంగా తీసుకునే అలవాటు గన్నవరం దారిలో ఏర్పడిన తర్వాతే ఈ దారి పట్టమంటున్నాను.

కమర్షియల్ లైసెన్సు వైపు వెళ్ళదలచిన వారికి మాత్రం విశాఖపట్నంతో ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది. ఆ లైసెన్సుకు కనీసం 300 నాటికల్ మైళ్ళ క్రాస్ కంట్రీ ఒకటి చేయాలి, అందులో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో పూర్తిగా దిగి ఆగాలి. మధురపూడి నుంచి గన్నవరం, అక్కడి నుంచి విశాఖపట్నం, తిరిగి మధురపూడి అని లెక్కిస్తే సుమారు 313 నాటికల్ మైళ్ళు వస్తుంది. విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖ దాదాపు ఒకే వరుసలో ఉన్నాయి కాబట్టి మధ్య అంచెలో వాతావరణం చెడినా సొంత రన్‌వే దారిలోనే తగులుతుంది. ఆ రోజుకు ఎంత వీలైతే అంత పెందలాడే బయలుదేరి, మధ్యాహ్నం సముద్రపు గాలి బలపడకముందే విశాఖలో దిగేలా సమయం వేసుకోవాలి.