వర్చువల్ ప్రపంచంలో క్లాసు: అద్దె ఇల్లా, సొంత ఇల్లా? ఏది మేలు?

సెకండ్ లైఫ్ అంటే కంప్యూటర్‌లో మన బొమ్మతో, అంటే అవతారంతో, తిరిగే ఒక త్రీడీ లోకం. దాన్ని నడిపే లిండెన్ ల్యాబ్ సంస్థ 2010 అక్టోబరులో ఒక ప్రకటన చేసింది. సెకండ్ లైఫ్‌లో విద్యాసంస్థలకు ఇస్తున్న సగం ధర రాయితీ 2011 జనవరి నుంచి ఉండదని. ఒక పూర్తి రీజియన్‌కు, అంటే అక్కడి ఒక పెద్ద స్థలానికి, నెలకు 147.50 డాలర్లు కడుతున్న యూనివర్సిటీ ఇకమీదట 295 డాలర్లు కట్టాలి. అదీ విద్యా సంవత్సరం మధ్యలో, బడ్జెట్లు ఎప్పుడో ఖరారైపోయాక. అక్కడ ఆడిటోరియంలు, మ్యూజియంలు, ల్యాబులు కట్టుకున్న అధ్యాపకులకు ఎటూ పాలుపోలేదు. చాలామంది మూటాముల్లె సర్దుకుని, అలాంటి లోకాన్నే సొంత సర్వర్‌లో నడుపుకునే ఓపెన్‌సిమ్యులేటర్ (ఓపెన్‌సిమ్) వైపు వెళ్లారు. 2013లో లిండెన్ ల్యాబ్ రాయితీని మళ్లీ తెచ్చింది కానీ, వెళ్లినవాళ్లందరూ తిరిగి రాలేదు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇల్లు ఎంత బాగున్నా, ఓనర్ అద్దె పెంచితే కట్టాలి, ఖాళీ చేయమంటే చేయాలి. డిగ్రీ, పీజీ విద్యార్థులకు వర్చువల్ ప్రపంచంలో పాఠం చెప్పాలన్నా, అక్కడ పరిశోధన చేయాలన్నా నేను ముందు చూసేది ఇదే. బొమ్మల నాణ్యత ఆ తర్వాత సంగతి.

ముందు అద్దె ఇంటి, అంటే సెకండ్ లైఫ్, సుఖం చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా సుఖమే. సెకండ్ లైఫ్ 2003లో మొదలైంది. ఒక రీజియన్ అంటే 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, మన లెక్కలో సుమారు 16 ఎకరాలు. అందులో మనం భవనాలు కట్టుకోవచ్చు, స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) రాసి వస్తువులకు కదలిక ఇవ్వచ్చు. హార్వర్డ్ లా స్కూల్ 2006లోనే అక్కడ ఒక కోర్సు నడిపింది. ఆ కోర్సుకు బయటివాళ్లు కూడా తమ అవతారాలతో వచ్చి కూర్చోగలిగారు.

నన్ను ఎక్కువగా కదిలించిన ఉదాహరణ మాత్రం కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌కు చెందిన మానసిక వైద్యుడు పీటర్ యెలోలీస్ బృందం చేసిన పని. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లకు లోకం ఎలా కనిపిస్తుందో, ఎలా వినిపిస్తుందో రోగుల మాటల ఆధారంగా వాళ్లు సెకండ్ లైఫ్‌లో ఒక వార్డుగా కట్టారు. మనం నడుస్తుంటే దినపత్రికలో ఒక్క మాట మాత్రం బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపించేది. కాళ్ల కింద నేల మాయమయ్యేది. మనల్ని తిట్టే గొంతులు వెంటపడి వచ్చేవి. ‘భ్రాంతి అంటే లేనిది ఉన్నట్టు అనిపించడం’ అని నోట్సులో రాసుకున్న విద్యార్థికి, ఆ వార్డులో కొద్ది నిమిషాలు నడిచిన విద్యార్థికి మధ్య చాలా తేడా ఉంటుంది. రెండోవాడు రేపు రోగి ముందు కూర్చున్నప్పుడు ‘అలాంటిదేమీ లేదమ్మా, ఊరుకో’ అని కొట్టిపారేయడు. ఇలాంటి పాఠం వీడియోలో రాదు, జూమ్‌లో రాదు. ఈ శ్రమంతా ఎందుకు అని అడిగేవాళ్లకు నేను ఈ వార్డునే ఉదాహరణగా చెబుతాను.

పరిశోధనకైతే సెకండ్ లైఫ్‌కు ఓపెన్‌సిమ్ సాటి రాదు. కారణం సూటిగా చెప్పాలంటే, సెకండ్ లైఫ్‌లో మనుషులు ఉంటారు. టామ్ బోల్‌స్టోర్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 2004 జూన్ నుంచి 2007 జనవరి దాకా అక్కడే క్షేత్రపరిశోధన చేశాడు. ఒక పల్లెకు వెళ్లి మకాం పెట్టినట్టే అక్కడ ఇల్లు కట్టుకుని, ఇరుగుపొరుగుతో మాట్లాడి, వాళ్ల స్నేహాలూ తగాదాలూ రాసుకున్నాడు. 2007లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ తదితరులు ప్రచురించిన అధ్యయనం ఇంకా చిత్రంగా ఉంటుంది. మగ అవతారాలు రెండు మాట్లాడుకునేటప్పుడు, ఆడ అవతారాలు రెండు మాట్లాడుకునేటప్పటికన్నా ఎక్కువ ఎడంగా నిలబడ్డాయి, ఒకరి ముఖంలోకి ఒకరు తక్కువగా చూసుకున్నాయి. మౌసు, కీబోర్డుతో నడిపే బొమ్మలు కూడా మన వీధి అరుగు మీది మర్యాదలనే పాటిస్తున్నాయన్నమాట. ఇలాంటివి తెలియాలంటే ఊళ్లో జనం ఉండాలి. మనం కట్టుకున్న ఖాళీ సర్వర్‌లో ముప్పై మంది విద్యార్థులను దింపి సమాజాన్ని అధ్యయనం చేశామంటే కుదరదు. అయితే అక్కడ ఉన్నవాళ్లు నిజమైన మనుషులు కాబట్టి, ముందుగా చెప్పకుండా వాళ్ల మాటలు రికార్డు చేయడం తప్పే. పల్లెలో సర్వేకు ఎలా అనుమతి అడుగుతామో ఇక్కడా అలాగే అడగాలి.

ఇంకో చిక్కు వయసు. సెకండ్ లైఫ్ ప్రధానంగా 18 నిండినవాళ్ల చోటు. 16, 17 ఏళ్లవాళ్లను అందరికీ తగినవని గుర్తించిన ‘జనరల్’ స్థలాలకే పరిమితం చేస్తారు. మన దగ్గర ఇంటర్ అయి డిగ్రీ మొదటి ఏడులో చేరేవాళ్లలో చాలామందికి 17 ఏళ్లే. తల్లిదండ్రులకు జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

ఇక సొంత ఇల్లు. ఓపెన్‌సిమ్యులేటర్ 2007లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. ఎవరైనా దించుకుని తమ కంప్యూటర్‌లోనే ఒక ప్రపంచం నడుపుకోవచ్చు. సెకండ్ లైఫ్‌లోకి వెళ్లే ఫైర్‌స్టార్మ్ లాంటి వ్యూయర్‌తోనే (ఆ లోకాన్ని తెర మీద చూపే ప్రోగ్రామ్) ఇందులోకీ వెళ్లచ్చు. స్క్రిప్టు భాష కూడా చాలావరకు అదే, కాబట్టి ఒకచోట నేర్చుకున్నది రెండోచోట పనికొస్తుంది. హైపర్‌గ్రిడ్ అనే ఏర్పాటుతో ఒక సంస్థ సర్వర్ నుంచి ఇంకో సంస్థ సర్వర్‌లోకి అవతారంతోనే వెళ్లిరావచ్చు. నాకు బాగా నచ్చింది ఓఏఆర్ ఫైలు. ఒక్క కమాండ్‌తో రీజియన్ మొత్తం, నేల, గోడలు, స్క్రిప్టులతో సహా ఒక ఫైలుగా భద్రమవుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో కాలేజీకి ఇవ్వచ్చు. వాళ్లు తెరుచుకుంటే మన వార్డే, మన మ్యూజియమే వాళ్ల దగ్గర ప్రత్యక్షం. సెకండ్ లైఫ్‌లో ఇది కుదరదు. పూర్తిగా మన చేతులతో చేసిన వస్తువులను మాత్రం కొంతవరకు బయటికి తెచ్చుకోవచ్చు, కొని పెట్టుకున్నవి అక్కడే వదిలి రావాలి.

కానీ ‘ఇల్లు కట్టి చూడు’ అని పెద్దలు ఊరికే అనలేదు. సర్వర్ ఆగిపోతే లేపేదెవరు? బ్యాకప్ తీసేదెవరు? మాట వినిపించే ఏర్పాటు విడిగా చేసుకోవాలి, అది తరచూ మొరాయిస్తుంది. చవక కంప్యూటర్‌లో నలభై అవతారాలు ఒకేసారి దిగితే అందరూ బురదలో నడిచినట్టు నడుస్తారు. ప్రభుత్వ కాలేజీల్లో ఇంకో భయం కూడా ఉంది. ఇష్టంతో దీన్ని నిలబెట్టిన లెక్చరర్‌కు బదిలీ అయితే, ఆ తర్వాత పాస్‌వర్డ్ కూడా ఎవరికీ తెలియదు. అందుకే సొంత ఇల్లు కట్టే ముందు కనీసం ఇద్దరు బాధ్యత తీసుకోవాలి, వాళ్లలో ఒకరు ల్యాబ్ సిబ్బంది అయి ఉండాలి.

మూడో దారి బ్రౌజర్‌లో తెరుచుకునే గదులు. లింకు పంపితే చాలు, ఫోన్‌లోనూ తెరుచుకుంటాయి, ఇన్‌స్టాల్ గొడవ లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాబ్ కంప్యూటర్లకు ఇది పెద్ద వరం. పోస్టర్ ప్రదర్శనకో, అతిథి ఉపన్యాసానికో ఇవే తేలిక. కానీ వీటిని సత్రం గదుల్లాగే చూడాలి. మొజిల్లా 2018లో మొదలుపెట్టిన హబ్స్ సేవను 2024 మే 31న ఆపేసింది. దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉండబట్టి వేరేవాళ్లు దాన్ని నిలబెట్టుకున్నారు. కళ్లకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్లవాళ్లు ఇష్టపడిన ఆల్ట్‌స్పేస్‌ను మైక్రోసాఫ్ట్ 2023 మార్చిలో మూసేసింది. గూగుల్ లైవ్లీ అయితే 2008 జులైలో వచ్చి అదే ఏడాది డిసెంబరులో వెళ్లిపోయింది. ఒక సెమిస్టరు కోర్సును ఇలాంటి పునాది మీద పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు: ప్రయోగాలు చేయించడానికి కావాలి, ఏది తీసుకోమంటారు? వాళ్లకు ఈ మూడూ అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సాయంతో ఐఐటీలు, హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ, అమృత లాంటి సంస్థలు తయారుచేసిన వర్చువల్ ల్యాబ్స్ బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తాయి. ఒక్క విద్యార్థి, ఒక్క సర్క్యూట్, ఒక్క గ్రాఫ్ అయినప్పుడు అవతారంతో పనేముంది? నలుగురు ఒకేచోట ఉండాల్సిన పాఠానికే, లేదా ఇంకొకరి కళ్లతో చూడాల్సిన పాఠానికే ఈ లోకాలు కావాలి.

కాబట్టి నా ఓటు ఇలా ఉంటుంది. మనుషుల తీరుతెన్నుల మీద పరిశోధనకు సెకండ్ లైఫ్. ఏటేటా చెప్పాల్సిన కోర్సుకు ఓపెన్‌సిమ్, కష్టమైనా సరే. ఒక్కరోజు కార్యక్రమానికి బ్రౌజర్ గది. మధ్యస్తంగా ఉండే దారి కూడా ఒకటుంది: మొదటి సెమిస్టరు సెకండ్ లైఫ్‌లో ఇతరులు కట్టిన చోట్లకే విద్యార్థులను యాత్రలా తీసుకెళ్లండి. స్థలం కొనకండి, ఏమీ కట్టకండి, ఖర్చే లేదు. ఏ పాఠానికి ఇది నిజంగా పనికొస్తుందో తెలిశాక సొంతంగా మొదలుపెట్టచ్చు.

ఎక్కడికి వెళ్లినా మొదటి గంట మాత్రం పాఠానికి పెట్టుకోకండి. నడవడం, కూర్చోవడం, గోడలో ఇరుక్కున్న అవతారాన్ని బయటికి లాగడం, వీటికే సరిపోతుంది. తెలుగులో రాసిన స్లయిడ్లను బొమ్మలుగా మార్చి గోడకు అతికించండి, అక్షరాలు విడిపోతాయన్న టెన్షన్ ఉండదు. ఓపెన్‌సిమ్‌లో కట్టేవాళ్లయితే మొదటి గోడ లేచిన సాయంత్రమే ఓఏఆర్ తీసి, ఒక కాపీ మీ దగ్గర, ఒకటి హెచ్‌ఓడీ బీరువాలో పెట్టించండి.