అల్లం పచ్చడి పాడైందన్న నా మాటకు సవరణ

విజయవాడ సత్యనారాయణపురంలో నేను రోజూ టిఫిన్ చేసే హోటల్ ఆరు బల్లలది. ఇడ్లీ మెత్తగా ఉంటుందా, రేటెంత, బండి పెట్టుకునే చోటుందా అన్నవి రాయను. ఆ పేటవాళ్లకు ఎలాగూ తెలుసు, మిగతావాళ్లు ఇడ్లీ కోసం అంత దూరం రానక్కర్లేదు. నేను రాయాల్సింది ఒక్క అల్లం పచ్చడి గురించి. ఎందుకంటే ఆ పచ్చడి పాడైపోయిందని ఏడాదిన్నర పాటు కనిపించినవాళ్లకల్లా చెప్పుకొచ్చింది నేనే.

2014 నుంచి వెళ్తున్నాను. మా స్కూలుకు వెళ్లే దారిలోనే. ఓనరు నాకన్నా నాలుగేళ్లే పెద్ద, కానీ వీధి వీధంతా బాబాయ్ అంటుంటే నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఆయనకు నేను మాస్టార్ని. కాగితం పని ఏదొచ్చినా నా ముందుకే వస్తుంది, ప్లేటు తర్వాత. ఏం తింటానో అడగడం ఎప్పుడో మానేశాడు. నేను చెప్పులు విప్పేలోపు పెసరట్టు పెనం మీద పడుతుంది. అడగకుండానే తెచ్చిపెట్టే హోటల్ ఇంకెక్కడుందని చాలామంది దగ్గర గొప్పగా చెప్పాను. గొప్పే, కాకపోతే ఈ లెక్కన నేను అక్కడ పూరీ తిని ఐదేళ్లు దాటింది.

ఇక పచ్చడి. ఘాటు, పులుపు, కారం మూడూ దెబ్బలాడుకుంటుంటే చివర్లో బెల్లం వచ్చి సర్దిచెప్పాలి, అదీ అల్లం పచ్చడంటే. బాబాయ్ పచ్చడిలో ఆ సర్దుబాటు నాలుక చివర తెలిసేది. అట్టు అయిపోయాక ప్లేటులో మిగిలింది వేలితో తీసుకుని నాకేవాణ్ని. స్కూల్లో పిల్లలు చూస్తే పరువు పోయేది.

2023 ఎండాకాలంలో అది మారిపోయింది. పులుపు ముందుకొచ్చింది, వెనక ఒక చేదు. ఒకరోజు చూశాను, వారం చూశాను. అప్పుడే అల్లం ధర మండిపోతోంది. అల్లం తగ్గించాడేమో అనుకుంటే ఘాటు ఎప్పటిలాగే ఉంది, పోయింది బెల్లమే. నాలుగు రూపాయల బెల్లం దగ్గర ఇంత కక్కుర్తి ఏమిటని ఒకరోజు అనేశాను కూడా. బాబాయ్ నవ్వాడు. "వయసైపోతోంది మాస్టారూ, చెయ్యి కుదరట్లేదు" అన్నాడు. పాపం అనిపించింది కానీ స్టాఫ్ రూములో చెప్పడం మాత్రం మానలేదు. అది విని ఇద్దరు వేరే హోటల్ చూసుకున్నారు. లెక్కల టీచరు ఒకాయన "నాకు బాగానే ఉందే" అంటే, నీ నాలుకకు తేడా తెలియదని కొట్టిపారేశాను. ఆయన ఇది చదువుతుంటే క్షమించాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊరిమీద పడింది. హోటల్‌కు ఏమీ కాలేదు. బాబాయ్ ఇల్లు పాయకాపురం వైపు, కింది అంతస్తు. రెండ్రోజులు ఫోను కలవలేదు. మూడో రోజు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవ దిగుతూ కనిపించాడు, చేతిలో ఒక్క సంచి. నీళ్లు తీశాక బురద ఎత్తిపోయడం, కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన 25,000 కోసం వార్డు సచివాలయం చుట్టూ తిరగడం, అందులో నేను చేసిందల్లా కాగితాలు పట్టుకుని పక్కన నిలబడటం.

ఇంచుమించు రెండు వారాలకు హోటల్ తెరిచాడు. ఆ రోజు ప్లేటు వాళ్లబ్బాయి తెచ్చాడు. అట్టు ముక్క తుంచి పచ్చడిలో ముంచి నోట్లో పెట్టుకున్నాను. అదే పచ్చడి! బెల్లం ఉంది! ఆగలేక గల్లా పెట్టె దాకా వినబడేలా, "బాబాయ్, నీ చెయ్యి మళ్లీ కుదిరింది" అన్నాను.

ఆయన సంతోషిస్తాడనుకున్నాను. లేచి వచ్చి నా ప్లేటు చూశాడు, కొడుకు వైపు తిరిగాడు.

"ఈయనకిది ఎందుకు పెట్టావురా?"

"డబ్బా లేదుగా నాన్నా, ఇంట్లో అన్నీ పోయాయి కదా."

ఏ డబ్బా అన్నాను. ఇద్దరూ మాట్లాడరు. చివరికి అబ్బాయే చెప్పాడు. 2023లో నేను టిఫిన్‌కు ముందు జేబులోంచి మాత్ర తీసి మింగడం బాబాయ్ చూశాడు. అదేమిటని ఒక్కసారి అడిగాడు, షుగర్ అన్నాను, అంతే, నేను మర్చిపోయాను. ఆ వారం నుంచి వాళ్లావిడ ఇంట్లో నాకోసం విడిగా, బెల్లం లేకుండా నూరుతోంది. స్టీలు డబ్బాలో వచ్చి గల్లా పెట్టె కింద ఉంటుంది. అందరూ తినేది పాత పచ్చడే. పాడైంది నా ఒక్కడి పచ్చడి.

కళ్లు చెమర్చాయని రాస్తే అబద్ధం. ముందు కోపం వచ్చింది. ఏడాదిన్నర నా చేత తిట్లు తిన్నాడే తప్ప ఒక్క ముక్క చెప్పలేదు. "చెబితే మీరు బెల్లందే అడుగుతారు" అన్నాడు, అది మాత్రం నిజం. పైగా చెంచాడు పచ్చడిలో బెల్లం ఎంతుంటుంది? డాక్టరు నన్ను తగ్గించమన్నది ఇడ్లీ. పెసరట్టుతో పాటు రెండు ఇడ్లీలు మాత్రం బాబాయ్ ఇప్పటికీ మొహమాటపెట్టి వేస్తాడు. మూడు నెలల సగటు షుగర్ 8.1 నుంచి 7.3కు దిగిందంటే అది సాయంత్రం నడక పుణ్యం. వాళ్లావిడ దగ్గర మాత్రం పచ్చడి వల్లే అని చెప్పాను.

కాబట్టి సవరణ: పచ్చడి బాగుంది, ఎప్పుడూ బాగానే ఉంది. షుగర్ లేనివాళ్లు, ఉన్నా బయటపడనివాళ్లు నిశ్చింతగా వెళ్లొచ్చు. తమకేం కావాలో తామే చెప్పుకోవాలనుకునేవాళ్లకు వారానికి రెండుసార్లకు మించి వెళ్లమని చెప్పలేను. నాలాగా పరిచయం పెరిగితే చేతిలో ఏమీ ఉండదు.

వాదించి వాదించి ఒక ఒప్పందానికి వచ్చాం. నెలలో మొదటి ఆదివారం నాకు అందరి పచ్చడే. పోయిన నెల ఆ ఆదివారం బాబాయ్ ఏదో పెళ్లికి ఊరెళ్లాడు, అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. ప్లేటు పెట్టి, వంగి గల్లా పెట్టె కింద నుంచి కొత్త డబ్బా తీశాడు.

"ఇవాళ మొదటి ఆదివారం కదరా, నాన్న చెప్పలేదా?"

"చెప్పారండీ. మీరు ఇలాగే అడుగుతారని కూడా చెప్పారు."